సముద్రం దాటే ముందు: కెనడాలోని స్కాటిష్ కుటుంబం మూలాలు వెతకడం ఎలా

కెనడాలో తరతరాలుగా ఉంటున్న స్కాటిష్ కుటుంబం పూర్వీకుల్ని వెతకాలనుకున్నవాళ్ళు దాదాపు అందరూ ముందు చేసే పని ఒకటే. స్కాట్లాండ్ ప్రభుత్వ రికార్డుల సైటు తెరిచి ముత్తాత పేరు కొడతారు. డోనాల్డ్ మెక్‌డొనాల్డ్ అని మీరూ కొట్టి చూడండి. పేజీలకి పేజీలు వస్తాయి. వాళ్ళలో మీకు కావలసిన డోనాల్డ్ ఎవరో ఆ సైటు చెప్పదు. చెప్పగలిగే కాగితం ఏదైనా ఉంటే అది కెనడాలోనే ఉంటుంది.

స్కాట్లాండ్‌లో పాత రికార్డులన్నీ పారిష్‌ల వారీగా ఉంటాయి. పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊళ్ళన్నీ కలిపి. ఆ పారిష్ పేరు చేతికొచ్చేదాకా సముద్రం దాటకండి. ఇక్కడ నేను చెప్పబోయేదాంట్లో సగానికి పైగా ఆ ఒక్క పేరు పట్టుకోవడం గురించే. కెనడాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలో అల్లుడో కోడలో ఇలాంటి కుటుంబం నుంచి రావడం ఇప్పుడు వింతేం కాదు. పిల్లలకి వంశవృక్షం గీసి ఇవ్వాలంటే ఆ కొమ్మ కూడా గీయాలి కదా.

ఇంట్లో ఉన్నది ముందు తీయండి

పెద్దవాళ్ళని "మీవాళ్ళు ఎక్కడినుంచి వచ్చారు?" అని అడిగితే "స్కాట్లాండ్" అనే జవాబొస్తుంది. అంతకంటే చిన్న ప్రశ్నలు వేయండి. ఏ చర్చికి వెళ్ళేవారు? పాత పొలం ఏ టౌన్‌షిప్‌లో (మన మండలం లాంటిది) ఉండేది? నానమ్మ ఇంట్లో గేలిక్, అంటే స్కాట్లాండ్ కొండప్రాంతాల పాత భాష, మాట్లాడేదా? ఎవర్ని ఏ ముద్దుపేరుతో పిలిచేవారు? చర్చి పేరు ఒక్కటి తెలిసినా రిజిస్టర్ ఎక్కడ ఉంటుందో తెలిసిపోతుంది.

పాత కుటుంబ బైబిల్ ఉంటే పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసుకున్న పేజీలు ఫోటో తీసుకోండి. బైబిల్ అచ్చయిన సంవత్సరం ఉన్న పేజీని మాత్రం మర్చిపోవద్దు. 1850లో అచ్చయిన బైబిల్‌లో 1790ల నాటి పుట్టుకలు ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో వరసగా కనిపిస్తే అవి అప్పటికప్పుడు రాసినవి కావు, ఎవరో తర్వాత జ్ఞాపకం మీద రాసుకున్నవి. పనికిరావని కాదు, తేదీల్ని గుడ్డిగా నమ్మకూడదు, అంతే.

ఆ తర్వాత సమాధి రాళ్ళు. కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియాలో, అందులోనే భాగమైన కేప్ బ్రెటన్ దీవిలో, ఒంటారియోలోని గ్లెన్‌గారీలో తొలి తరం వాళ్ళ రాళ్ళ మీద చాలాసార్లు పుట్టిన జిల్లా, అదృష్టం బాగుంటే పారిష్ కూడా చెక్కి ఉంటుంది. ఫైండ్ ఎ గ్రేవ్, బిలియన్‌గ్రేవ్స్, కెనేడియన్ హెడ్‌స్టోన్స్ సైట్లలో లక్షల రాళ్ళ ఫోటోలున్నాయి. కింద టైపు చేసిన వివరాలతో సరిపెట్టుకోకుండా ఫోటోని పెద్దది చేసి మీరే చదవండి. అరిగిపోయిన రాయి మీద 3, 8 ఒకేలా ఉంటాయి.

ఏ కాలం, ఏ రేవు

తర్వాత తేల్చుకోవాల్సింది, వాళ్ళు ఎప్పుడొచ్చి ఎక్కడ స్థిరపడ్డారన్నది. స్కాట్లాండ్ వాళ్ళు కెనడా అంతటా చెల్లాచెదురుగా దిగలేదు. ఫలానా లోయ వాళ్ళు ఫలానా చోటికి అన్నట్టు గుంపులుగా వచ్చారు. అందుకే కెనడాలో ఊరు తెలిస్తే స్కాట్లాండ్‌లో ప్రాంతాన్ని చాలావరకు ఊహించవచ్చు.

1772లో గ్లెనలాడేల్ జాన్ మెక్‌డొనాల్డ్ పంపిన క్యాథలిక్ హైలాండర్లు (స్కాట్లాండ్ ఉత్తర కొండప్రాంతాల, అంటే హైలాండ్స్ వాళ్ళు) 'అలెగ్జాండర్' ఓడలో ఇప్పటి ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌కి వచ్చారు. అప్పుడు దాని పేరు సెయింట్ జాన్స్ ఐలాండ్. మరుసటి ఏడు 1773 సెప్టెంబర్‌లో 'హెక్టర్' ఓడ లోక్ బ్రూమ్ నుంచి సుమారు 190 మందితో నోవా స్కోషియాలోని పిక్టౌకి చేరింది. దారిలో మశూచి, విరేచనాలతో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది చిన్నపిల్లలే. 1803లో సెల్కర్క్ ప్రభువు మూడు ఓడల్లో సుమారు 800 మందిని మళ్ళీ ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌కే తీసుకొచ్చాడు. 1802 తర్వాత కొన్ని దశాబ్దాలపాటు స్కాట్లాండ్ పడమటి తీరంలోని హెబ్రిడీస్ దీవుల జనం కేప్ బ్రెటన్‌కి వస్తూనే ఉన్నారు.

గ్లెన్‌గారీ కథ వేరు. అక్కడ మొదట దిగినవాళ్ళు చాలామంది నేరుగా స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు కారు. న్యూయార్క్ మొహాక్ లోయలో కొన్నేళ్ళు ఉండి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో రాజు పక్షాన పోరాడి, 1784లో భూములు పొందినవాళ్ళు. 1786లో నాయ్‌డార్ట్ నుంచి సుమారు 500 మంది తమ క్యాథలిక్ ఫాదర్‌తో కలిసి వచ్చారు. మీ కుటుంబానిది గ్లెన్‌గారీ అయితే న్యూయార్క్ రికార్డుల్నీ, సైనిక పట్టీల్నీ కూడా చూడాల్సి వస్తుంది.

1820, 1821లో గ్లాస్గో, పైస్లీ చుట్టుపక్కల పనుల్లేక అల్లాడిన నేతపనివాళ్ళు సొసైటీలుగా ఏర్పడి, సర్కారు సాయంతో ఒంటారియోలోని లనార్క్ ప్రాంతానికి వచ్చారు. వీళ్ళు హైలాండ్స్ వాళ్ళు కారు, గేలిక్ రాదు. పశ్చిమాన రెడ్ రివర్‌కి (ఇప్పటి విన్నిపెగ్ ప్రాంతం) 1812 నుంచి సెల్కర్క్ మనుషులు, వాళ్ళలో సదర్లాండ్‌లోని కిల్డోనన్ వాళ్ళు వచ్చారు. అంతకుముందు నుంచే హడ్సన్స్ బే కంపెనీ కొలువులో ఓర్క్నీ దీవుల కుర్రాళ్ళు ఉండేవారు. వాళ్ళలో చాలామంది స్థానిక ఆదివాసీ స్త్రీలతో సంసారాలు పెట్టుకున్నారు. అలాంటి కుటుంబమైతే విన్నిపెగ్‌లోని హడ్సన్స్ బే కంపెనీ ఆర్కైవ్స్ మీకు నిధి. ఉద్యోగి ఏ పారిష్ వాడో, ఏ ఏట ఎక్కడ పనిచేశాడో ఒక్కొక్కరికీ విడిగా షీట్లు తయారుచేసి సైటులో పెట్టారు. ఇన్ని ప్రాంతాల్లో పారిష్ పేరు ఇంత సులువుగా దొరికేది ఈ ఒక్క చోటే.

చాలా ఇళ్ళలో "మమ్మల్ని భూముల్లోంచి తరిమేస్తే వచ్చాం" అని చెప్పుకుంటారు. నిజమే కావచ్చు. కానీ సదర్లాండ్‌లో పెద్దఎత్తున ఇళ్ళు ఖాళీ చేయించింది 1807 నుంచి 1821 మధ్యలో. 1773లో హెక్టర్ ఎక్కినవాళ్ళకి ఆ కథ అతకదు. పెరిగిన కౌళ్ళు, సొంత భూమి మీద ఆశ వాళ్ళని కదిలించాయి. ఇంట్లో చెప్పే కథని కొట్టిపారేయకండి, కానీ తేదీ పక్కన పెట్టి చూడండి.

సెన్సస్‌లో వెనక్కి నడవండి

తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కో పదేళ్ళూ వెనక్కి వెళ్ళండి. లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా సైటులో సెన్సస్ అంతా ఉచితంగా వెతకవచ్చు. 1901 సెన్సస్‌లో పుట్టిన తేదీ, వలస వచ్చిన సంవత్సరం ఉంటాయి. 1871 దాంట్లో మతం, పుట్టిన చోటుతో పాటు తండ్రి వైపు మూలం ఏ దేశమో కూడా అడిగారు. నోవా స్కోషియాలో ఇంట్లోవాళ్ళందరి పేర్లూ రాసిన మొదటి సెన్సస్ 1871దే. అంతకుముందువి ఇంటిపెద్ద పేరుతో సరిపెట్టినవి. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌కైతే 1881 దాకా ఆగాలి.

ఒంటారియో, క్యూబెక్‌లకి 1851 సెన్సస్‌లో అందరి పేర్లూ ఉంటాయి. కొన్ని టౌన్‌షిప్‌ల పేజీలు పోయాయి, అది వేరే సంగతి. ఇక్కడో మెలిక ఉంది. దాన్ని 1851 సెన్సస్ అంటారుగానీ నిజానికి తీసింది 1852 జనవరిలో. పైగా వయసు గడిలో రాయమన్నది వచ్చే పుట్టినరోజుకి నిండబోయే వయసు. అంటే 40 అని ఉన్న మనిషి 1812లో పుట్టి ఉంటాడు. 1851లోంచి 40 తీసేసి 1811 అని రాసుకున్నారనుకోండి, రేపు పారిష్ రిజిస్టర్‌లో తప్పు ఏడాది తిరగేస్తారు. పుట్టిన చోటు గడిలో మాత్రం "స్కాట్లాండ్" అనో, పైవాడిదే వీడిదీ అన్నట్టు రెండు గీతలో ఉంటాయి. పారిష్ పేరు సెన్సస్‌లో దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

చర్చి రిజిస్టర్లు, పెళ్ళి కాగితాలు

జనన మరణాల నమోదు ఒంటారియోలో 1869 జూలైలో మొదలైంది. నోవా స్కోషియాలో 1864లో మొదలై 1877లో ఆగిపోయి, మళ్ళీ 1908లో అందుకుంది. పెళ్ళిళ్ళ నమోదు మాత్రం అక్కడ ఆగలేదు. ఒంటారియో పెళ్ళి నమోదుల్లో వధూవరుల తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి, అదీ తల్లి పుట్టింటిపేరుతో సహా. 1858 నుంచి ఉన్న కౌంటీ పెళ్ళి రిజిస్టర్లలోనూ తల్లిదండ్రుల పేర్లు రాసేవారు. కాబట్టి మీ పూర్వీకుడు ముందే పెళ్ళి చేసుకుని వచ్చినా, అతని చిన్న తమ్ముడో చెల్లెలో ఇక్కడ పెళ్ళి చేసుకుని ఉంటే ఆ కాగితం వెతకండి.

అంతకుముందువి చర్చి రిజిస్టర్లే. ఇక్కడ చిక్కు మతంలోని చీలికలతో వస్తుంది. అప్పర్ కెనడాలో, అంటే ఇప్పటి ఒంటారియోలో, 1798 దాకా ప్రెస్బిటీరియన్ (స్కాట్లాండ్‌లోని ప్రధాన ప్రొటెస్టెంట్ శాఖ) పాస్టర్లకి పెళ్ళి చేయించే హక్కే లేదు. 1840లలో ప్రెస్బిటీరియన్లు రెండుగా చీలారు, 1875లో కలిశారు, 1925లో సగానికి పైగా యునైటెడ్ చర్చిలో చేరారు. అందుకే ఒక ఊరి పాత ప్రెస్బిటీరియన్ రిజిస్టర్ ఇప్పుడు ప్రెస్బిటీరియన్ ఆర్కైవ్స్‌లో ఉండొచ్చు, యునైటెడ్ చర్చి ఆర్కైవ్స్‌లో ఉండొచ్చు. రెండు చోట్లా అడగండి. మాంట్రియల్‌కి దగ్గరగా ఉన్నవాళ్ళు అక్కడికే వెళ్ళి పెళ్ళి చేసుకునేవారు. క్యూబెక్‌లో ప్రొటెస్టెంట్ చర్చిలు కూడా రిజిస్టర్ రెండో ప్రతిని కోర్టుకి ఇవ్వాలి కాబట్టి అవి చక్కగా మిగిలాయి.

భూమి అర్జీలు

చాలామంది వదిలేసేదీ, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. తొలినాళ్ళ కెనడాలో భూమి కావాలంటే గవర్నర్‌కి అర్జీ పెట్టుకోవాలి. అర్జీ అంటే తన గోడు తానే చెప్పుకోవడం. ఫలానా రెజిమెంట్‌లో ఇన్నేళ్ళు చేశాను, ఫలానా ఏట భార్యతో, ఇంతమంది పిల్లలతో వచ్చాను, ఇంతవరకు భూమి ఇవ్వలేదు అంటూ రాయించుకునేవారు. అర్జీదారుకి రాయడం రాకపోతే చివర వేలిముద్రకి బదులు ఒక చిన్న ఇంటూ గుర్తు, దాని చుట్టూ గుమాస్తా రాసిన పేరు ఉంటుంది. వెనకవైపు పేజీ కూడా తప్పక చూడండి. ఏ తేదీన కౌన్సిల్ ముందుకొచ్చింది, ఎన్ని ఎకరాలు సిఫారసు చేశారన్నది అక్కడ రాస్తారు.

అప్పర్ కెనడా అర్జీల సూచిక లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో ఉంది. స్కాన్ చేసిన మైక్రోఫిల్ములు కెనడియానా వాళ్ళ హెరిటేజ్ సైటులో ఉచితం. సూచికలో ఇచ్చిన వాల్యూమ్, బండిల్, అర్జీ నంబర్లు రాసుకుని ఫిల్ములో ముందుకూ వెనక్కూ జరుపుకుంటూ వెతుక్కోవాలి, నేరుగా తెరుచుకోదు. ఓపిక పట్టండి. రాజు పక్షాన పోరాడిన లాయలిస్టుల కొడుకులకీ కూతుళ్ళకీ తలా 200 ఎకరాలు అడిగే హక్కుండేది. కూతురి అర్జీలో తండ్రి పేరూ, భర్త పేరూ రెండూ వస్తాయి. ఆడవాళ్ళ పుట్టింటి వైపు తెగిపోయిన దారాలు ఇక్కడే అతుక్కుంటాయి. కేప్ బ్రెటన్, నోవా స్కోషియా అర్జీలు హాలిఫాక్స్‌లోని నోవా స్కోషియా ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో మాత్రం పరిస్థితి వేరు. 1767లోనే ద్వీపాన్ని 67 లాట్లుగా కోసి లండన్ పెద్దమనుషులకి పంచేశారు. అక్కడ మనవాళ్ళు కౌలుదార్లే, కాబట్టి కౌలు పత్రాలు వెతకాలి.

దస్తావేజులు, వీలునామాల కోసం ఫ్యామిలీసెర్చ్ సైటులో ఫుల్ టెక్స్ట్ సెర్చ్ వాడండి. పాత చేతిరాతని కంప్యూటరే చదివి ఇస్తుంది. సూచికల్లో ఎక్కని సాక్షుల పేర్లు కూడా దొరుకుతాయి. కంప్యూటర్ చదివింది తప్పు కావచ్చు, బొమ్మ తెరిచి సరిచూసుకోండి.

ఇరుగుపొరుగుని వదలకండి

మీ మనిషి పారిష్ ఏ కాగితంలోనూ దొరకలేదనుకోండి. అప్పుడు పొలం కాన్సెషన్ (పొలాల వరస) నంబరూ లాట్ (ఆ వరసలో పొలం) నంబరూ తీసుకుని చుట్టూ ఉన్న పొలాలు ఎవరివో చూడండి. 1870ల నాటి ఒంటారియో కౌంటీ అట్లాసుల్లో చాలా పొలాల మీద యజమాని పేరుంటుంది. మెక్‌గిల్ యూనివర్సిటీ వాటిని ఆన్‌లైన్‌లో పెట్టింది. గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు తుంగభద్ర కాలువల కింద సింధనూరు వైపు వెళ్ళి క్యాంపులు వేసుకున్నప్పుడు ఒక్కో క్యాంపులో బావమరదులూ వియ్యంకులూ ఒకే ఊరివాళ్ళూ ఎలా చేరారో, ఇక్కడా అంతే. పక్క పొలం వాడు బావమరిది అయ్యుంటాడు, ఎదురు పొలం వాడు ఒకే ఓడలో వచ్చినవాడు అయ్యుంటాడు.

కాబట్టి పక్కన ఉన్న ఐదారు కుటుంబాల మూలాలు కూడా వెతకండి. బాప్తిస్మాలకి సాక్షులుగా నిలబడ్డవాళ్ళనీ, వీలునామాలో సాక్షి సంతకం పెట్టినవాళ్ళనీ ఒక కాగితం మీద రాసుకోండి. మళ్ళీ మళ్ళీ వచ్చే పేరు ఎవరిదో వాళ్ళ సమాధి రాయి చూడండి. మీ తాతది చెప్పని పారిష్ పేరు ఆ పొరుగువాడి రాయి చెప్పేస్తుంది. పిక్టౌలోని మెకల్లక్ హౌస్, కేప్ బ్రెటన్‌లోని సిడ్నీలో ఉన్న బీటన్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల స్థానిక కుటుంబాల ఫైళ్ళుంటాయి. వాటిని అడిగేటప్పుడు పొరుగువాళ్ళ పేర్లు కూడా ఇవ్వండి.

ఓడ కోసం మాత్రం టెన్షన్ పడొద్దు. కెనడా ప్రయాణికుల పట్టీలు క్రమంగా దొరికేది 1865 నుంచే, అదీ క్యూబెక్ రేవుకి. అంతకుముందు ఎవరి పేర్లూ రాసి దాచాలన్న నియమం లేదు. హెక్టర్ పట్టీ కూడా ఓడ మీద రాసింది కాదు, చాలా ఏళ్ళ తర్వాత జ్ఞాపకం మీద కూర్చింది. అందులో పేరు లేదని రాలేదనుకోకండి, ఉందని అదే చివరిమాట అనుకోకండి.

పేర్లతో తంటా

ఒకే మనిషి రెండు కాగితాల్లో రెండు పేర్లతో ఉంటాడు. గేలిక్ పేరుని ఇంగ్లీషులోకి ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చారు. డోనాల్డ్ ఇంకోచోట డేనియల్ అవుతాడు. రోడరిక్, రోరీ ఒకరే. జీన్, జేన్, జానెట్, జెస్సీ ఒకే అమ్మాయి కావచ్చు. పీటర్, ప్యాట్రిక్ అప్పట్లో ఒకే పేరు కిందే లెక్క. ఇంటిపేరు ముందు మ్యాక్, మెక్ ఏది రాశారన్నదానికి అర్థమేమీ లేదు, రెండూ కొట్టి వెతకండి, అసలు లేకుండా కూడా వెతకండి. పాత చేతిరాతలో రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిది పొడుగ్గా ఎఫ్‌లా ఉంటుంది కాబట్టి రాస్ అనే ఇంటిపేరు రాఫ్స్ అని సూచికల్లోకి ఎక్కిపోతుంది.

పిల్లలకి పేర్లు పెట్టే వరస ఒకటుంది. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, మూడోవాడికి నాన్న పేరు. పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నానమ్మ పేరు, మూడోదానికి అమ్మ పేరు. అందరూ పాటించలేదు, కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోకండి. ఇద్దరు డోనాల్డ్‌లలో ఎవరో తేల్చుకోలేనప్పుడు మాత్రం పిల్లల పేర్ల వరస చూస్తే ఏటో ఒకవైపు మొగ్గుతుంది. ఇద్దరు తాతల పేర్లూ ఒకటే అయితే ఒకే ఇంట్లో బతికున్న ఇద్దరు పిల్లలకి ఒకే పేరు ఉండటమూ జరిగేది.

ఇప్పుడు సముద్రం దాటండి

పారిష్ చేతికొచ్చాక స్కాట్లాండ్స్‌పీపుల్ సైటులో ఖాతా తెరవండి. సూచిక వెతకడం ఉచితం, ఎక్కువ రికార్డుల బొమ్మ చూడటానికి క్రెడిట్లు కొనాలి. అందుకే పారిష్, ఏడాది రెండూ తెలియకుండా అక్కడ డబ్బు తగలేయొద్దన్నాను. 1855 జనవరి 1 నుంచి సర్కారు నమోదు ఉంది. అంతకుముందువి పాత పారిష్ రిజిస్టర్లు. క్యాథలిక్ రిజిస్టర్లు కూడా అక్కడే విడిగా ఉన్నాయి.

పాత రిజిస్టర్‌లో బాప్తిస్మా అంటే రెండు లైన్లు. ఫలానా ఊళ్ళో కౌలుదారు ఫలానా, అతని భార్య ఫలానా, బిడ్డ పేరు, తేదీ. భార్యకి పుట్టింటిపేరే రాస్తారు, ఇది మీకు పెద్ద వరం. ఊరి పేరు కచ్చితంగా రాసుకోండి, తర్వాత అదే దారి. పెళ్ళి రెండు పారిష్‌లలో రెండు తేదీలతో కనిపిస్తే కంగారు పడకండి, చాలాసార్లు రాసింది పెళ్ళి కాదు, చర్చిలో చేసిన పెళ్ళి ప్రకటన. తేదీ ఒకటి రెండు రోజులు తేడా వచ్చినా అంతే. కెనడా మొదటి ప్రధాని జాన్ ఎ. మెక్‌డొనాల్డ్ గ్లాస్గోలో పుట్టింది రికార్డు ప్రకారం 1815 జనవరి 10, ఇంట్లో జరుపుకున్నది 11. ఈ మాత్రం తేడాకి మీ మనిషిని కాదనుకోకండి.

బాప్తిస్మా దొరకలేదా? 1783 నుంచి 1794 దాకా రిజిస్టర్‌లో ఒక్కో నమోదుకి మూడు పెన్నీల పన్నుండేది, కొందరు రాయించుకోవడమే మానేశారు. పశ్చిమ హైలాండ్స్‌లో చాలా పారిష్‌ల రిజిస్టర్లు మొదలైందే ఆలస్యంగా. అప్పుడొక చిట్కా. వలస రాకుండా స్కాట్లాండ్‌లోనే ఉండిపోయిన అన్నో చెల్లెలో 1855 తర్వాత చనిపోతే, వాళ్ళ మరణ నమోదులో తల్లి పుట్టింటిపేరుతో సహా తల్లిదండ్రులిద్దరి పేర్లూ రాస్తారు. 1775లో పుట్టిన తరానికి ఇది పనిచేయదు కానీ 1790ల తర్వాత పుట్టినవాళ్ళకి చాలాసార్లు పనిచేస్తుంది. మీ మనిషి పేరుతో ఏళ్ళతరబడి వెతకడం కంటే అతని అన్న చావు కాగితం ఒక్కటి కొనడం నయం.

డీఎన్ఏ పరీక్ష చేయించాలనుకుంటే కాగితాల పని సగం అయ్యాకే చేయించండి. పేర్లు లేకుండా వచ్చిన వందల కజిన్ల పట్టీతో చేసేదేమీ ఉండదు. కేప్ బ్రెటన్ లాంటి చోట తరాలపాటు ఆ కొద్ది కుటుంబాల మధ్యే సంబంధాలు కలుపుకున్నారు కాబట్టి చుట్టరికం ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తుంది. ఇంటిపేరుని బట్టి ఫలానా క్లాన్ (ఒకే ఇంటిపేరున్న తెగ) పెద్ద రక్తం మీది అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. ఆ క్లాన్ పెద్దాయన భూమిలో కాపురమున్న కౌలుదార్లూ ఆయన పేరే పెట్టుకునేవారు. ఇంటిపేరుకో టార్టన్ అంటూ అమ్మే గళ్ళ బట్ట వ్యవహారం చాలావరకు 19వ శతాబ్దంలో పుట్టిందే. బాగుంటే కొనుక్కోండి, వంశవృక్షంలోకి మాత్రం తీసుకురాకండి.

రిజిస్టర్ మొదలైన ఏడాది కంటే వెనక్కి వెళ్ళాలంటే మిగిలేది జమీందారీ కౌలు పట్టీలు, చర్చి పెద్దల సభ మినిట్స్. మినిట్స్‌లో ఊరు విడిచి వెళ్ళేవాళ్ళకి ఇచ్చిన మంచి నడవడి పత్రం ప్రస్తావన తగలొచ్చు. స్కాన్ చేసినవి స్కాట్లాండ్స్‌పీపుల్‌లోనే చదవొచ్చు. కౌలు పట్టీలు ఎడిన్‌బరోలోని నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్‌లో, ఇన్వర్‌నెస్‌లోని హైలాండ్ ఆర్కైవ్ సెంటర్‌లో వెతకాలి. వాళ్ళకి మెయిల్ రాస్తే పెద్ద కథ రాయకండి. మనిషి పేరు, పారిష్, ఊరు, సుమారు ఏడాది, ఇప్పటికే చూసిన రికార్డులు, ఈ ఐదూ చాలు. పట్టీలో ఆ ఊళ్ళో ఆ ఏట అదే పేరుతో ఒక్కడే కౌలుదారు కనిపించి, వలస వెళ్ళిన ఏడాది తర్వాత ఆ పేరు మాయమైతే, వృక్షంలో అతని పేరు పెన్సిల్‌తో రాసి, పక్కన "బహుశా" అనీ, ఎందుకనుకుంటున్నారో ఒక్క లైనూ రాసి పెట్టండి.